హాయి చుక్కలు

భ్రమరాంబ ఏడుపు మానేసిన రోజున నేను సేమ్యా పాయసం వండాను. ఆమె కోసం కాదు, నా కోసమే. రెండేళ్ళపాటు ఒక మనిషి ఏడుపు విన్నవాళ్ళకు ఆ మాత్రం బహుమతి ఉండాలి.

మేమిద్దరం కాకినాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్లుగా చేరి, పక్కపక్క కుర్చీల్లోనే ముసలివాళ్ళమయ్యాం. రిటైరయ్యాక ఒకే అపార్ట్‌మెంటులో ఎదురెదురు ఫ్లాట్లు కొనుక్కున్నాం. నేను పెళ్ళి చేసుకోలేదు. ఆమె చేసుకుంది గాని పిల్లల్లేరు. పోర్టు ఆఫీసులో పనిచేసిన ఆమె భర్త సుందర్రామయ్య పోయిన దగ్గర్నుంచి పొద్దున్న లేచింది మొదలు నాకు ఫోను చేసేది. ఎదురింట్లో ఉండి ఫోనేమిటే, వచ్చి తలుపు కొట్టరాదా అంటే, అక్కడిదాకా వచ్చేలోగా కూడా ఆగలేకపోతున్నాననేది. ఆమెకి నిద్ర లేదు, తిండి లేదు. బీపీ బిళ్ళలకు లొంగడం మానేసింది. ఇలాగే ఉంటే గుండె ఆట్టే కాలం ఓర్చుకోదని డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు.

ఇక నా సంగతంటారా, నా గురించి అందరూ అనే మాట ఒకటే. హైమావతికేం, ఒంటికాయ సొంఠికొమ్ము, రాణిలా బతికింది అంటారు. ఆ మాట వినగానే నేను తల కొంచెం పైకెత్తేదాన్ని. రాణులకు కూడా పొద్దుపోని సాయంత్రాలుంటాయని ఎవరికీ చెప్పలేదు. చెప్తే రాణీరికం ఏం కావాలి?

మా చెల్లెలి కూతురు నీరజ నా దగ్గరే ఉంటుంది. ఉంటుందని పేరేగాని, పడుకోవడానికి మాత్రం వస్తుంది. సముద్రం వైపున్న ఒక పరిశోధనా కేంద్రంలో మెదడు మీద పని చేస్తుంది. పెద్దవయసువాళ్ళ ఒంటరితనానికి మందు కనిపెడుతున్నానని చెప్పి, నాతో కూర్చుని ఒక పూట అన్నం తినడానికి దానికి తీరేది కాదు. దీపం కింద చీకటి అంటే ఇదేనే అంటే నవ్వి, హెల్మెట్ పెట్టుకుని వెళ్ళిపోయేది.

ఆ మందు మొదటిసారి మనుషుల మీద పరీక్షించే రోజు వచ్చేసరికి నేనే భ్రమరని ఆటో ఎక్కించి తీసుకెళ్ళాను. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు, ఆమె రెండోమాట అడక్కుండానే ఒప్పుకుంది. తలకి తీగల టోపీ పెట్టి అద్దాల గదిలో కూర్చోబెట్టారు. నేను బయట నీరజ పక్కన నిలబడి తెర మీద ఎర్ర గీతని చూస్తున్నాను. గదిలో నర్సు ఉన్నంతసేపూ గీత అలా అలా నడిచింది. నర్సు బయటికి వచ్చి తలుపు వేసిందో లేదో, గీత ఎగిరి పడింది.

"కడుపు ఖాళీ అయితే ఆకలేస్తుంది కదా పెద్దమ్మా, పక్కన మనిషి లేకపోతే మోగే గంట కూడా మెదడులో ఒకటుంది," అంది నీరజ. "కుర్రతనంలో అది మోగితే లేచి నలుగుర్లోకి వెళ్తాం. పెద్దయ్యాక వెళ్ళడానికి ఎవరూ ఉండరు. అది ఆగకుండా మోగి మోగి గుండెని తినేస్తుంది."

ముక్కులో రెండు చుక్కలు వేశారు. కాసేపాగి మళ్ళీ తలుపు మూశారు. ఈసారి ఎర్ర గీత ఉలకలేదు, పలకలేదు. అద్దం వెనక భ్రమర ఒళ్ళో చేతులు పెట్టుకుని ఊరికే కూర్చుంది. రెండేళ్ళ తర్వాత ఆమె మొహంలో పాత భ్రమర కనిపించింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

నాకూ రెండు చుక్కలు వెయ్యవే అని వేళాకోళంగా అడిగాను. సొంతవాళ్ళని పరీక్షలోకి తీసుకోకూడదంది నీరజ. అయినా నీకా బాధ లేదుగా పెద్దమ్మా అంది. లేదన్నాను.

అక్కడికి భ్రమర లాంటివాళ్ళు చాలామందే వచ్చేవారు. వాళ్ళలో అప్పలరాజుగారని ఒక డ్రిల్లు మాస్టారుండేవారు. బడి వదిలేసి ఏళ్ళయినా గొంతులో ఈల పోలేదు. భార్య లేదు, కొడుకు రాజమండ్రిలో ఉద్యోగం. మా ఇద్దర్నీ చూస్తే వదిలేవారు కాదు. తన పాత శిష్యుల కథలన్నీ చెప్పి, మేము ఆటో ఎక్కాక కూడా పక్కన నడుస్తూ ఇంకొకటి చెప్పేవారు. ఆ చుక్కలకు హాయి చుక్కలని పేరు పెట్టింది కూడా ఆయనే.

పేరుకి తగ్గట్టే పనిచేశాయి. భ్రమర రాత్రంతా నిద్రపోవడం మొదలుపెట్టింది. బీపీ దిగింది. చెంపలు నిండాయి. నాకు ఫోన్లు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. మొదట్లో నాకెంత సుఖంగా ఉందో చెప్పలేను. పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివాను. కూర మాడకుండా వండుకున్నాను. కొన్నాళ్ళకి చదవడానికి పేపరు అయిపోయేది, పొద్దు మాత్రం అయ్యేది కాదు. ఫోను వైపు చూడటం మొదలుపెట్టాను.

ఒకరోజు ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఆమెకి గిన్నెలో పెట్టి పంపాను. సాయంత్రం పనిమనిషి ఆ గిన్నె తెచ్చి ఇచ్చింది. శుభ్రంగా తోమి ఉంది. లోపల ఏమీ లేదు.

మా వైపు ఇరుగుపొరుగు గిన్నె ఖాళీగా తిప్పి పంపరు. ఏమీ లేకపోతే చెంచాడు పంచదార వేస్తారు, అదీ లేకపోతే రెబ్బ కరివేపాకు వేస్తారు. భర్త పోయిన కొత్తల్లో కూడా భ్రమర నా గిన్నెలో పటికబెల్లం ముక్క వేసి పంపింది. అలాంటిది ఖాళీ గిన్నె వచ్చేసరికి కోపం వచ్చిందేమోననుకుని పరుగెత్తాను. కోపమేమీ లేదు. సోఫాలో కూర్చుని కిటికీ వంక చూస్తోంది. కూర బాగుందే అంది. కూర్చోమంది. కూర్చున్నాను. ఆమె ఏమీ అడగలేదు, నేను చెప్పినవన్నీ తలూపుతూ వింది. లేచి వచ్చేస్తుంటే ఆగమనలేదు. నేను గుమ్మం దాటకముందే ఆమె చూపు మళ్ళీ కిటికీ మీదకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే నీరజకి చెప్పాను. నీ స్నేహితురాలు కోలుకుంటోంది పెద్దమ్మా, నీమీద ఆధారపడటం తగ్గింది, అంతేగా అంది. పరీక్షల్లో అందరికంటే భ్రమరకే మంచి ఫలితాలొస్తున్నాయట. ఒక మనిషి సుఖపడుతుంటే నాకు కష్టంగా ఉందని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

మరోసారి కేంద్రానికి వెళ్ళినప్పుడు అప్పలరాజుగారు కనిపించారు. నవ్వారు. కథలు చెప్పలేదు. మా ఆటో కదులుతుంటే అటు చూడను కూడా లేదు. ఆ వరండాలో కూర్చున్నవాళ్ళంతా అలాగే ఉన్నారు. ప్రతి మొహమూ నున్నగా, నిమ్మళంగా ఉంది. ఒక్కరూ పక్కవాళ్ళతో మాట్లాడటం లేదు.

ఆ రోజే అందరికీ ఎర్ర మూత ఉన్న చిన్న సీసాలు ఇచ్చి, వచ్చే శుక్రవారం పొద్దున్న పరగడుపున వేసుకోమన్నారు. అంతవరకూ వేసుకున్న చుక్కలు ఆపేస్తే మనిషి మళ్ళీ మామూలవుతాడు. ఎర్ర మూత సీసాలో ఉన్నది చాలా గట్టి మందు. అది ఒక్కసారి పడితే ఆ గంట జన్మలో మోగదు. భ్రమర ఆ సీసా తెచ్చి ఫ్రిజ్‌లో పాలప్యాకెట్ పక్కన పెట్టుకుంది.

బుధవారం మధ్యాహ్నం నీరజ ఇంటికొచ్చింది. అది మధ్యాహ్నం ఇంటికి రావడమే వింత. చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది. అప్పలరాజుగారు పోయారంది.

స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగిందట. పైన వాటాలో అద్దెకున్నవాళ్ళున్నారు, చొక్కా జేబులో ఫోనుంది. ఆయన కేక వేస్తే వీధి చివరికి వినిపిస్తుంది. కేక వెయ్యలేదు. ఫోను తియ్యలేదు. ఆ పగలూ రాత్రీ తడినేల మీద అలాగే పడుకున్నారు. మర్నాడు పాలవాడు చూసి చెప్తే ఆస్పత్రికి చేర్చారు గాని, అప్పటికే మూత్రపిండాలు చెడిపోయాయి. పోయేముందు నీరజ వెళ్ళి, ఎందుకు పిలవలేదు మాస్టారూ అని అడిగింది.

"నొప్పిగానే ఉందన్నారు పెద్దమ్మా. కానీ ఎవరినైనా పిలవాలని తోచలేదమ్మా అన్నారు. నా మొహం చూసి నవ్వేరు." ఇంకా విప్పని చెప్పుల వంక చూసుకుంది. "నేను వాళ్ళకి అన్నం పెట్టేననుకున్నాను. ఆకలి చంపేసేను, అంతే."

అయితే ఆపించెయ్యి అన్నాను. పొద్దున్నుంచీ అదే పోరాడుతోందట. పెద్దవాళ్ళు జారిపడటం మామూలే, దానికీ మందుకీ సంబంధం లేదు పొమ్మన్నాడట డైరెక్టరు. పరీక్షలో ఉన్నవాళ్ళతో మందు మానమని చెప్తే ఉద్యోగం పోతుందని, కేసు కూడా పెడతామని హెచ్చరించాడట. అయినా చెప్తానంది నీరజ. గురువారమంతా స్కూటరు మీద తిరిగి ఇంటింటికీ వెళ్ళింది. సాయంత్రానికి వాడిపోయి వచ్చింది. మర్యాదగా కూర్చోబెట్టారట, మంచినీళ్ళిచ్చారట. అప్పలరాజుగారి సంగతి చెప్తే అయ్యో పాపం అన్నారట. కాని మాకు బాగానే ఉందిగా అమ్మా, ఎందుకు మానాలి అన్నారట. ఎదురింటికీ వెళ్ళింది. భ్రమర కూడా అదే మాట అంది. ఆపేస్తే ఆ ఏడుపంతా తిరిగి వస్తుందా అని అడిగిందట. వస్తుంది, మొదట్లో ఇంకా ఎక్కువగా వస్తుందని నీరజ నిజమే చెప్పింది. మరి నాకెందుకే ఆ గోల అందట భ్రమర.

శుక్రవారం పొద్దున్నే నీరజ, ఇలాంటి పరీక్షల్ని తనిఖీ చేసే పై కమిటీ పెద్దలెవరో వస్తున్నారని తెలిసి కేంద్రానికి పరుగెత్తింది. నేను స్నానం కూడా చెయ్యకుండా ఎదురింటి తలుపు కొట్టాను. భ్రమర తీసింది. అప్పటికే ఎర్ర మూత సీసా బల్ల మీద ఉంది.

నేను అనుకున్నవన్నీ వరసగా చెప్పాను. అప్పలరాజుగారి గురించి చెప్పాను. నువ్వూ అలాగే పడిపోతే ఎవరు చూస్తారన్నాను. బతిమాలాను, కసిరాను. ఆమె శ్రద్ధగా విని గడియారం చూసింది. పరగడుపునే వేసుకోవాలే, కాఫీ ఆలస్యమవుతోంది అంది. మూత తిప్పింది.

నా దగ్గర ఇంకొక్క మాటే మిగిలింది. డెబ్బై ఏళ్ళొచ్చేదాకా దాచుకున్న మాట.

"భ్రమరా, నాకు ఒంటరిగా ఉందే."

అంటుంటే సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఆమె చెయ్యి ఆగింది. నన్ను కొత్తగా చూసింది.

"ఎప్పట్నుంచే?"

"ఎప్పట్నుంచో. నువ్వు ఫోన్లు చేసి చంపుతున్నన్నాళ్ళూ తెలీలేదు."

"అయ్యో, ముందే చెప్పొద్దూ?" అంది ఎంతో దయగా. "దానికి మందుందిగా. ఇలా కూర్చో. ఇద్దరికీ సరిపోతుంది."

ఇది మాకు అలవాటే. ఎక్స్ఛేంజిలో ఉన్నప్పట్నుంచీ మా ఇద్దరికీ ఒకటే మందుల డబ్బా. ఆమె తలనొప్పి బిళ్ళలో సగం నాది, నా దగ్గు మందులో సగం ఆమెది. ఒకరికి పడిన మందు రెండోవాళ్ళకి పడదని మా వయసువాళ్ళలో ఎవరూ ఒప్పుకోరు. సీసా మీద పేరెవరిదైతే ఏమిటి? ఆమె తలగడ తెచ్చి కుర్చీ వెనక పెట్టింది. నేను కూర్చున్నాను. తల వెనక్కి వాల్చాను.

నిజం చెప్పాలంటే నాకు కావాలనిపించింది. ఇంకెప్పుడూ ఫోను వైపు చూడక్కర్లేదు. నీరజ ఎప్పుడొస్తుందా అని లిఫ్టు చప్పుడు వినక్కర్లేదు. ఆమె అక్కడ, నేనిక్కడ, మధ్యలో వసారా. ఇద్దరికీ హాయి. ఆమె చూపుడువేలితో నా గడ్డం కొంచెం పైకెత్తింది. సీసా కొసన చుక్క ఊరి వేలాడటం కనిపించింది. భయం వేసింది. ఆ భయంలోనే నోట్లోంచి మాట వచ్చింది.

"ఇది వేశాక నేనింక నీ తలుపు కొట్టను భ్రమరా. నువ్వూ నా తలుపు కొట్టవు. ఫరవాలేదా?"

"ఫరవాలేదే," అంది.

చుక్క పడలేదు. ఆమె సీసాని నిటారుగా పట్టుకుని అలాగే నిలబడింది.

"ఏదీ, ఇంకోసారి అడుగు," అంది.

అడిగాను. ఫరవాలేదు అంది మళ్ళీ. ఈసారి తల పక్కకి వంచి తన మాట తానే వింది. ఎక్స్ఛేంజిలో హెడ్‌ఫోను పెట్టుకున్నప్పుడు అలాగే వంచేది. అంతా బాగున్నాం అని అవతలివాళ్ళు అన్నప్పుడు, అందులో బాగులేనిదేదో ఆమెకి తెలిసిపోయేది. అలాంటప్పుడు ట్రంకుకాలుకిచ్చే మూడు నిమిషాలు అయిపోయినా లైను కట్ చేసేది కాదు. దానికి సూపర్‌వైజరు చేత తిట్లు కూడా తింది.

"ఇది నా గొంతు కాదు హైమా," అంది నెమ్మదిగా. "ఆయన పోయినప్పుడు పెద్దకర్మ అయ్యేదాకా నువ్వు మా ఇంట్లో చాప మీద పడుకున్నావు. ఆ మనిషితో ఫరవాలేదని అంటున్నాను. నాకేం అనిపించట్లేదే. ఒట్టు, ఏమీ అనిపించట్లేదు. కానీ ఈ గొంతు ఫోన్లో వింటే, ఆ ఇంట్లో ఏదో జరిగిందని లైను పట్టుకుని కూర్చునేదాన్ని."

ఇక మాట్లాడటానికి నాకు హక్కు లేదనిపించింది. ఆపేస్తే ఏమవుతుందో ఆమెకి నీరజ చెప్పే ఉంది. ఆ రెండేళ్ళూ ఎలా గడిచాయో నాకంటే ఆమెకే బాగా తెలుసు. చాలాసేపు సీసా వంక చూసింది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెలు కడిగే తొట్టిలో సీసా బోర్లించి, అది ఖాళీ అయ్యేదాకా పట్టుకుని, కుళాయి తిప్పింది.

"తిరిగొచ్చినప్పుడు నిన్ను తిడతానే. పడి ఉండు," అంది.

ఆ రోజు మధ్యాహ్నానికి పరీక్ష ఆగిపోయింది. పై కమిటీ నీరజ మాట వింది. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు. పరగడుపున వేసుకోమన్న మందుని చాలామంది అప్పటికే వేసేసుకున్నారు. డైరెక్టరు అన్నట్టే నీరజ ఉద్యోగం పోయింది. వేసుకున్నవాళ్ళు ఇప్పటికీ మా ఊళ్ళోనే ఉన్నారు, ఆరోగ్యంగా ఉన్నారు. నీరజ రోజూ వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి పడ్డారో లేచారో చూసి వస్తుంది. వచ్చినందుకు సంతోషించరు, వెళ్ళిపోతే బాధపడరు. అది మాత్రం వాళ్ళ గుమ్మం దిగిన ప్రతిసారీ ఏడుస్తుంది. నాతో కూర్చుని అన్నం తింటూ ఈ మాట చెప్పింది. నేను ఓదార్చలేదు. ఓదార్చి మాన్పించాల్సిన ఏడుపు కాదది.

భ్రమరకి మందు దిగడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ వారాలు నేను బితుకుబితుకుమంటూ గడిపాను. మనసు మార్చుకుని ఇంకో సీసా సంపాదిస్తుందేమోనని ఒక భయం. అసలు ఆ గంట అప్పటికే చచ్చిపోయిందేమోనని ఇంకో భయం. రోజూ వెళ్ళి కూర్చునేదాన్ని. ఆమె కిటికీ వంక చూసేది. నేను ఆమె వంక చూసేదాన్ని.

ఒక మధ్యాహ్నం నేను చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళేరుతుంటే నా తలుపు దబదబా మోగింది. తీసేసరికి భ్రమర. జుట్టు విరబోసుకుని ఉంది, కాలికి చెప్పుల్లేవు. ఆయన లేడే, ఇంట్లో ఎక్కడా లేడే అని నామీద పడిపోయింది. సుందర్రామయ్య ఆ రోజే పోయినట్టు ఏడ్చింది. నువ్వే చేశావు ఇదంతా, హాయిగా ఉన్నదాన్ని తెచ్చి మళ్ళీ ఇందులో పడేశావు అని నా భుజం మీద గుద్దింది. నేను గుద్దించుకున్నాను. తప్పు చేశానేమో అనిపించింది. ఇంత బాధని ఒక మనిషికి తిరిగి ఇప్పించిన దాన్ని నేనేం స్నేహితురాల్ని అనుకున్నాను. గట్టిగా పట్టుకోవడం తప్ప నాకు ఇంకేం తోచలేదు.

చాలాసేపటికి ఎక్కిళ్ళు తగ్గాయి. తల ఎత్తి నా మొహంలోకి చూసింది. ఎన్నో నెలల తర్వాత నన్ను చూసినట్టు చూసింది. చూస్తూ చూస్తూ ఉండగా ఆమె చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది.

"నేను మందేసుకుని కూర్చున్నన్నాళ్ళూ నీకిదేనా ఉంది?"

నేను తలూపాను.

"ఇదే? ఇంతా?"

"ఊఁ."

"ఒక్కదానివీ ఎలా ఓర్చుకున్నావే హైమా?"

ఆ ప్రశ్న నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు. జవాబు చెబుదామని నోరు తెరిచాను. ఎప్పటెప్పటి ఏడుపో తన్నుకుని వచ్చింది. భ్రమర నన్ను పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. నేను తాగేదాకా గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడింది.